మధుమేహ పాదపుండుకు సముద్రపు నాచు కట్టు: తాడిపత్రి నుంచి ఒక కేస్ స్టడీ

రోగి, పుండు

52 ఏళ్ల పురుషుడు. తాడిపత్రిలో నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో పని. బండ మీద చక్రం తిరిగినంతసేపూ నీళ్లు పారుతూనే ఉండాలి కాబట్టి రోజుకు ఎనిమిది గంటలు పాదాలు రాతిపిండి కలిసిన బురదనీటిలోనే నానతాయి. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు ఉన్న రోజు వేసుకోవడం, అయిపోతే మానేయడం. మార్చి మొదటి వారంలో చూపించుకోవడానికి వచ్చేసరికి కుడి అరికాలిలో, బొటనవేలి మొదలు కింద పుండు లేచి ఏడు వారాలైంది. "నొప్పే ల్యాకపాయ సార్, అందుకే ఇడ్సిపెట్టినా" అన్నాడు. నరాలు మొద్దుబారిన పాదమని తెలియడానికి ఆ ఒక్క మాట చాలు. 10 గ్రాముల మోనోఫిలమెంట్‌ను (స్పర్శ పరీక్షించే సన్నని నైలాన్ పోగు) అరికాలి మీద ఎక్కడ ఆనించినా ఆయనకు తెలియలేదు.

పుండు కొలత 3.2 × 2.6 సెంటీమీటర్లు, లోతు 0.6. చుట్టూ గట్టిపడిన ఆనె, అడుగున పసుపుపచ్చ పాచిపొర. వేసిన గాజుగుడ్డ నాలుగు గంటల్లో తడిసిపోయేంత రసి. ఎరుపు అంచు నుంచి ఒక సెంటీమీటరు లోపే ఉంది, జ్వరం లేదు. లోహపు ప్రోబ్‌తో తడిమితే ఎముక తగల్లేదు. ఎక్స్‌రేలో ఎముక కొరుక్కుపోయిన జాడ గానీ గాలి బుడగలు గానీ లేవు. పాదం మీది నాడి, చీలమండ వెనక నాడి రెండూ చేతికి అందాయి. చీలమండ, చేయి రక్తపోటుల నిష్పత్తి 1.02, అంటే పాదానికి రక్తం అందుతోంది. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్) 10.4 శాతం. పాచిపొర తీశాక అడుగు కండ నుంచి పంపిన నమూనాలో స్టెఫైలోకోకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా పెరిగింది, మామూలు మందులకు లొంగే రకం.

ఆ ఏడు వారాలూ ఇంట్లో జరిగిన వైద్యం ఇది: ఉదయం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కడగడం, పాదమంతా పోవిడోన్ అయొడిన్ పోయడం, పసుపు అద్దడం, ఎండు గాజుగుడ్డ కట్టడం, దాని మీద పాలిథిన్ కవర్ తొడిగి పనికి పోవడం. కవర్ లోపల పాదం చెమటకు, రసికి ఉడికినట్టు ఉండేది. (ఇక్కడ రాసినదంతా రోగి ఒప్పుకోలుతోనే. గుర్తుపట్టే వివరాలు తీసేశాం.)

ముందు చేయవలసినవి

ఆల్జినేట్, అంటే సముద్రపు నాచు నుంచి తీసే కట్టు పీచు, గురించి మాట్లాడే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఇలాంటి పుండును మాన్పేవి నాలుగు: బరువు పడకుండా చూడటం, చచ్చిన కండ తీసేయడం, రక్తం అందుతోందని నిర్ధారించుకోవడం, షుగర్‌ను అదుపులో పెట్టడం. కట్టు ఏదైనా వీటి తర్వాతే. 2023 నాటి అంతర్జాతీయ మధుమేహ పాద మార్గదర్శకాలు పుండు త్వరగా మానుతుందన్న ఆశతో ఆల్జినేట్ వాడవద్దనే సూచిస్తున్నాయి, ఎందుకంటే మామూలు కట్టు కన్నా అది పుండును ముందు మాన్పుతుందని రుజువు కాలేదు. ఈ కేసులో దాన్ని ఎంచుకున్నది రసిని పీల్చడానికి మాత్రమే. నాలుగు గంటలకోసారి తడిసే కట్టు చుట్టూ ఉన్న మంచి చర్మాన్ని కూడా నాననిచ్చి చెడగొడుతుంది. ఆ తడిని పట్టి ఉంచే కట్టు కావాలి.

మొదటి రోజే ఆనెను, పాచిపొరను బ్లేడుతో చెక్కేశాం. మంచి కండ నుంచి చిన్న చిన్న చుక్కలుగా నెత్తురు కనిపించేదాకా పోవాలి, అంతకు ముందే ఆపితే కింద పాచి అలాగే ఉండిపోతుంది. అమాక్సిసిలిన్-క్లావులనేట్ 625 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, 10 రోజులు. కిలో బరువుకు 0.3 యూనిట్ల లెక్కన, 68 కిలోల మనిషికి రెండు పూటలకు కలిపి 20 యూనిట్ల ఇన్సులిన్‌తో మొదలుపెట్టి వారానికోసారి సవరించాం. బరువు తప్పించడానికి మోకాలి కింది వరకు వేసే, విప్పడానికి వీలులేని పట్టీయే మేలైనది. కానీ మొదటి వారాల్లో కట్టు రోజూ విప్పి చూడాలి. అందుకని 8 మిల్లీమీటర్ల ఫెల్ట్‌ను పుండు చోట గుర్రపునాడా ఆకారంలో కత్తిరించి అరికాలికి అంటించి, పైన ఎంసీఆర్ (మెత్తటి రబ్బరు అడుగున్న) చెప్పు, చేతికర్ర ఇచ్చాం. పనికి పోవద్దన్నాం. కూలి మనిషికి ఈ మాట ఎంత కష్టమైనదో చెప్పనక్కర్లేదు. అయినా పుండు ఏ వారం ఎంత తగ్గిందన్నది, ఆ వారం ఆయన ఎన్ని అడుగులు వేశాడన్నదాని మీదే నడిచింది.

నాచు కట్టు ఎలా పనిచేస్తుంది

గోధుమ రంగు సముద్రపు నాచుల కణాల గోడల్లో ఆల్జినిక్ ఆమ్లం ఉంటుంది. బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త స్టాన్‌ఫర్డ్ 1881లో దీన్ని వేరు చేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. మన దేశంలో మండపం, రామేశ్వరం తీరాల్లో ఏరే సర్గాసం, టర్బినేరియా నాచుల నుంచి ఆల్జినేట్ తీస్తారు. చల్లని సముద్రాల్లో లామినేరియా, ఆస్కోఫిలం ప్రధానం. గాయాలకు వాడేది కాల్షియం ఆల్జినేట్, దూదిలా మెత్తగా ఉండే పీచు. పుండు రసిలో సోడియం ఉంటుంది. రసి తగలగానే పీచులోని కాల్షియం కొంత బయటికి వచ్చి, ఆ చోట సోడియం చేరుతుంది. అప్పుడు పీచు ఉబ్బి జిగట జెల్‌గా మారి, తన బరువుకు 15 నుంచి 20 రెట్ల తడిని పట్టి ఉంచుతుంది. బయటికి వచ్చిన కాల్షియం రక్తం గడ్డకట్టడానికి తోడ్పడుతుంది కాబట్టి, పాచిపొర చెక్కిన వెంటనే ఊరే నెత్తురు ఈ పీచు కింద తొందరగా ఆగుతుంది.

అయితే అన్ని ఆల్జినేట్‌లూ ఒకటి కావు. దీని గొలుసులో గులురోనిక్, మాన్యురోనిక్ అనే రెండు రకాల పూసలుంటాయి. గులురోనిక్ ఎక్కువైతే జెల్ గట్టిగా ఉండి ఒకే ముక్కగా పైకి లేస్తుంది. మాన్యురోనిక్ ఎక్కువైతే మెత్తగా కరిగినట్టయి, సెలైన్ పోస్తే గానీ రాదు. ఇంట్లో కట్టు మార్చేవాళ్లకు మొదటి రకమే సులువు. ప్యాకెట్ మీద ఈ సంగతి రాసి ఉండకపోవచ్చు. ఒక ముక్కను గిన్నెలో సెలైన్ పోసి పది నిమిషాలు నానబెట్టి పట్టకారుతో ఎత్తి చూస్తే ఏ రకమో తెలిసిపోతుంది.

కట్టు వేసిన తీరు

గది వేడికి తెచ్చిన సెలైన్ 100 మిల్లీలీటర్లు సిరంజితో ధారగా పోసి కడగాలి. పెరాక్సైడ్ వద్దు, అయొడిన్ వద్దు. చుట్టూ చర్మాన్ని గాజుగుడ్డతో అద్ది పొడిగా తుడవాలి, పుండును మాత్రం తుడవొద్దు. 5 × 5 సెంటీమీటర్ల షీట్‌ను పుండు ఆకారానికి కత్తిరించి, పొడిగానే పెట్టాలి. ముందే సెలైన్‌లో తడిపితే, పుండు రసిని పీల్చాల్సిన పీచు ఆ సెలైన్‌తోనే నిండిపోతుంది. ఇది చాలా చోట్ల కనిపించే తప్పు. అంచు దాటి చర్మం మీదికి రాకూడదు. లోతు 0.6 సెంటీమీటర్లే కాబట్టి రెండు పొరలు చాలాయి. లోతు ఎక్కువైతే తాడులా ఉండే పీచును వదులుగా నింపాలి. గట్టిగా కుక్కితే అది ఉబ్బి పుండు నోటికి బిరడాలా పడి, లోపల రసి నిలిచిపోతుంది. నింపిన పీచు కొస ఒకటి బయటికి కనిపించేలా వదలాలి, ఎన్ని ముక్కలు పెట్టామో కాగితం మీద రాసుకోవాలి, తీసేటప్పుడు ఆ లెక్క సరిపోవాలి. పైన గాజుగుడ్డ ప్యాడ్, దాని మీద రోలర్ బ్యాండేజ్. మొదటి వారం రోజూ, రెండో వారం రోజు మార్చి రోజు, తర్వాత రెండు మూడు రోజులకోసారి. పైగుడ్డ మీద తడి మరక కనిపిస్తే రోజులు లెక్కపెట్టకుండా వెంటనే మార్చాలి.

10 × 10 షీట్ కొని నాలుగు ముక్కలు చేసి మూడింటిని దాచుకోవడం మన దగ్గర మామూలే. దాని ఖరీదు చూస్తే అలా ఎందుకు చేస్తారో అర్థమవుతుంది. కానీ ప్యాకెట్ విప్పాక మిగిలిన ముక్క శుభ్రమైనది కాదు. చిన్న షీట్లు కొనడమే నయం.

ఎక్కడెక్కడ తేడా వచ్చింది

ఎనిమిదో రోజున పుండు చుట్టూ అర సెంటీమీటరు మేర చర్మం తెల్లగా నానిపోయి ముడతలు పడింది. ఇంట్లో కట్టు మారుస్తున్న కొడుకు, పెద్ద షీటైతే ఎక్కువ మేలు చేస్తుందనుకుని కత్తిరించకుండా మొత్తం పెట్టాడు. చర్మం మీదికి పాకిన జెల్ రాత్రంతా తడిని అక్కడే పట్టి ఉంచింది. చుట్టూ జింక్ ఆక్సైడ్ పూత వేసి, పుండు అచ్చును ప్లాస్టిక్ కాగితం మీద గీసి ఇచ్చి, దాని కొలతకు కత్తిరించమన్నాక నాలుగు రోజుల్లో చర్మం సర్దుకుంది.

పదకొండో రోజున ఊళ్లోని ఆర్‌ఎంపీ కట్టు విప్పి చూసి, పసుపుపచ్చగా జిగటగా ఉన్నదంతా చీమేనని రెండు రోజులు జెంటామైసిన్ సూదులు వేశాడు. ఉద్దేశం మంచిదే, పొరపాటు సహజమే. తడిసిన ఆల్జినేట్ జెల్ చూడటానికి చీములాగే ఉంటుంది, కొంచెం వాసన కూడా వేస్తుంది. తేడా తెలియాలంటే ముందు సెలైన్‌తో పూర్తిగా కడిగి, ఆ తర్వాత చూడాలి. కడిగాక వాసన పోయి, అడుగున ఎర్రటి కండ కనిపించి, చుట్టూ ఎరుపూ వేడీ పెరగకపోతే అది జెల్. కడిగినా మళ్లీ ఊరుతూ, వాసన పోకుండా, ఎరుపు పాకుతుంటే చీము. తొమ్మిదేళ్ల షుగర్ ఉన్న మనిషి మూత్రపిండాల మీద అక్కర్లేని జెంటామైసిన్ బరువు చిన్న విషయం కాదు. మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్ మళ్లీ చేయించాం, 1.1 వద్దే ఉంది.

అన్నిటికన్నా ఎక్కువ నేర్పించిన పొరపాటు ఐదో వారంలో వచ్చింది. అప్పటికి ఏప్రిల్. బయట ఎండ 40 డిగ్రీలు దాటింది, గాలిలో తేమ లేదు, ఇంట్లో ఫ్యాన్ రాత్రీ పగలూ తిరుగుతోంది. పుండు రసి బాగా తగ్గింది. కట్టు విప్పబోతే పీచు ఎండి కండకు అతుక్కుపోయి ఉంది. లాగిన చోట కొత్త కండ ఊడి నెత్తురు వచ్చింది. ఆల్జినేట్ తడిని మింగి బతికే కట్టు. రసి లేకపోతే పుండులో ఉన్న కాస్త తేమనూ పీల్చేస్తుంది. కోస్తాలో మరో వారం నడిచేదేమో గానీ, అనంతపురం ఎండాకాలపు పొడిగాలిలో నడవదు. అలా అతుక్కున్నప్పుడు లాగకుండా సెలైన్ పోసి 10, 15 నిమిషాలు నానబెట్టాలి. ఆ రోజు నుంచి ఆల్జినేట్ ఆపేసి పారఫిన్ పూసిన గాజుగుడ్డ, పైన మామూలు ప్యాడ్‌కు మారాం. నిజానికి మూడు రోజుల ముందే మారి ఉండాల్సింది. కట్టు మార్చేటప్పుడు పీచులో సగానికి పైగా జెల్‌గా మారకుండా తెల్లగానే మిగిలిందంటే ఆల్జినేట్ పని అయిపోయినట్టే. మొదటి నుంచీ ఎండుగా ఉన్న పుండుకు, నల్లగా గట్టిపడిన పొర ఉన్న పుండుకు, బాగా లోతైన కాలిన గాయానికి దీన్ని వాడనే కూడదు.

రెండో నాచు

రెండో వారంలో ఇంకో సంగతి బయటపడింది. రోగికి నీరసం, మలబద్ధకం, ముఖం ఉబ్బినట్టు ఉండటం. నాడి నిమిషానికి 56. షుగర్ తగ్గుతున్నా మనిషి తేరుకోవడం లేదు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే పెరిగే హార్మోన్) 17.8, థైరాయిడ్ హార్మోన్ ఫ్రీ టీ4 మామూలు హద్దుకు కింది అంచున 0.8, థైరాయిడ్ మీదే తిరగబడే యాంటీ టీపీఓ ప్రతిరక్షకాలు హద్దు దాటి చాలా ఎక్కువగా ఉన్నాయి. మందుల సంచీ మొత్తం తెచ్చి బల్ల మీద పోయమంటే గానీ అసలు కారణం కనిపించలేదు. సంచీ అడుగున కెల్ప్ అనే సముద్రపు నాచు కాప్స్యూల్స్ సీసా. షుగర్ తగ్గుతుందని ఎవరో చెబితే పది వారాలుగా రోజుకు రెండు వేసుకుంటున్నాడు. "అది మందు కాదు సార్, సముద్రపు ఆకుకూర అన్నారు" అని భార్య చెప్పింది. మందులేమైనా వేసుకుంటున్నారా అని మొదటి రోజు అడిగినప్పుడు దాని పేరు రాకపోవడానికి కారణం అదే. అందుకని ఇప్పుడు ప్రశ్న మార్చాం: ఆకులు, పొడులు, చూర్ణాలు, ఎవరైనా ఇచ్చిన సీసాలు ఏమున్నాయి?

లేబుల్ మీద ఒక్కో కాప్స్యూల్‌లో 600 మిల్లీగ్రాముల కెల్ప్ పొడి అని ఉంది, అయొడిన్ ఎంతో లేదు. కొంబు వంటి కెల్ప్ రకాల్లో ఎండు గ్రాముకు 1,000 నుంచి 3,000 మైక్రోగ్రాములు, ఒక్కోసారి అంతకు మించి కూడా ఉంటుంది. నోరీ అనే మరో తినే నాచులో గ్రాముకు పదుల మైక్రోగ్రాములే. అంటే ఈ రోగికి రోజుకు 1.2 గ్రాముల పొడితో సుమారు 1,200 నుంచి 3,600 మైక్రోగ్రాముల అయొడిన్. పెద్దవాళ్లకు కావలసింది రోజుకు 150. భరించగల పై హద్దు 1,100. ఇంట్లో అయొడైజ్డ్ ఉప్పు వాడుతూనే ఉన్నారు. వినియోగదారుడి చేతికి వచ్చేసరికి ఉప్పులో కనీసం 15 పీపీఎం (గ్రాముకు 15 మైక్రోగ్రాములు) ఉండాలి, అంటే 10 గ్రాముల ఉప్పుతో 150 మైక్రోగ్రాములు వచ్చేస్తుంది. అయొడిన్ కోసం రాయలసీమలో నాచు తినాల్సిన అవసరం లేదు.

మరో దారిలో కూడా అయొడిన్ చేరింది: ఏడు వారాలు తెరిచిన పుండు మీద పోసిన పోవిడోన్ అయొడిన్. 10 శాతం ద్రావణంలో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల అయొడిన్ దొరుకుతుంది. అందులో కొంతే ఒంట్లోకి పోయినా, లెక్క మైక్రోగ్రాముల్లో చూసే గ్రంథికి అది వరదే. థైరాయిడ్ దెబ్బతినడంలో కాప్స్యూల్ వాటా ఎంత, పుండు మందు వాటా ఎంత అని ఈ ఒక్క కేసులో విడదీయలేం. పోవిడోన్ మొదటి రోజే ఆగింది, కాప్స్యూల్ రెండో వారంలో ఆపించాం.

అయొడిన్ ఒక్కసారిగా ఎక్కువైతే థైరాయిడ్ హార్మోన్ తయారీని తాత్కాలికంగా ఆపేస్తుంది. 1948లో వుల్ఫ్, చైకాఫ్ గమనించిన ధర్మం ఇది. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి లోపలికి తీసుకునే అయొడిన్‌ను తగ్గించుకుని, రోజుల్లోనే మళ్లీ పని మొదలుపెడుతుంది. టీపీఓ ప్రతిరక్షకాలు ఉన్న గ్రంథి ఆ స్థితి నుంచి తేరుకోలేకపోవచ్చు. గడ్డలున్న థైరాయిడ్‌లో ఇదే అయొడిన్ తిరగబడి హార్మోన్ ఎక్కువ చేస్తుంది, గుండె దడ పుట్టిస్తుంది. నాచు తింటే థైరాయిడ్ బాగవుతుందన్న మాట అయొడిన్ లోపం ఉన్నవాళ్ల విషయంలో పుట్టింది. లోపం లేనివాళ్లకు అది వర్తించదు.

టీఎస్‌హెచ్ 10 దాటితే మామూలుగా థైరాక్సిన్ మొదలుపెడతారు. ఇక్కడ తీసేయగల కారణం ఎదురుగా ఉంది, గుండె జబ్బు లేదు. అందుకని ఆరు వారాలు ఆగి చూడాలని నిర్ణయించాం. నీరసం ఎక్కువైనా, ఒళ్లు చల్లబడినా, మత్తుగా ఉన్నా వెంటనే రావాలని రాసిచ్చాం.

షుగర్ తగ్గుతుందన్న నమ్మకానికి మూలం పూర్తిగా గాలిలోంచి రాలేదు. భోజనంతో 5 గ్రాముల వరకు సోడియం ఆల్జినేట్ ఇస్తే ఆ పూట చక్కెర పెరుగుదల కొంత నెమ్మదిస్తుంది, ఎందుకంటే అది కడుపులో జెల్‌గా మారి ఆహారం కిందికి జారడాన్ని ఆలస్యం చేస్తుంది. 600 మిల్లీగ్రాముల కాప్స్యూల్‌లో పీచు ఆ లెక్కకు ఏ మూలకూ రాదు, అయొడిన్ మాత్రం నిండుగా వస్తుంది. పీచే కావాలంటే కొర్రలు, అలసందలు, చిక్కుడు ఇంట్లోనే ఉన్నాయి.

ఇదే ఆల్జినేట్ గుండెమంటకు సిరప్‌గా కూడా పనిచేస్తుంది. 10 మిల్లీలీటర్లలో 500 మిల్లీగ్రాముల సోడియం ఆల్జినేట్, సోడా, కాల్షియం కార్బొనేట్ ఉంటాయి. కడుపు ఆమ్లంలో జెల్ తేలుతూ తెప్పలా నిలిచి ఆమ్లాన్ని పైకి రానివ్వదు. తిన్న తర్వాత, పడుకునే ముందు వేసుకోవాలి, తాగాక వెంటనే నీళ్లు తాగితే తెప్ప చెదిరిపోతుంది. శుద్ధి చేసిన ఆల్జినేట్ కాబట్టి కెల్ప్ పొడిలా అయొడిన్ భయం దీనితో లేదు, కానీ సోడియం ఉంది. బీపీ, గుండె, మూత్రపిండాల రోగులకు మోతాదు చూసి ఇవ్వాలి. రంజాన్ రోజుల్లో కడప, కర్నూలు ఇళ్లలో చేసే చైనా గ్రాస్ కూడా సముద్రపు నాచు నుంచి వచ్చిన అగర్ అగరే. దాన్నీ కెల్ప్ పొడినీ ఒకే గాటన కట్టి భయపడనక్కర్లేదు.

ఎలా ముగిసింది

మొదటి రోజు పుండు వైశాల్యం, పొడవు వెడల్పులు గుణించి చూస్తే, 8.3 చదరపు సెంటీమీటర్లు. రెండో వారానికి 2.9 × 2.2, అంటే 6.4. నాలుగో వారానికి 2.1 × 1.6, అంటే 3.4. దాదాపు 60 శాతం తగ్గింది. నాలుగు వారాల్లో సగమైనా తగ్గని పుండు 12 వారాల్లో మానే అవకాశం తక్కువ. అలాంటప్పుడు కట్టు మార్చడం కాదు, రక్తప్రసరణ, ఎముక, బరువు ఈ మూడూ మళ్లీ వెతకాలి. ఆరో వారానికి 1.5 చదరపు సెంటీమీటర్లు. కట్టు తరచుగా విప్పాల్సిన అవసరం తీరింది కాబట్టి అప్పుడు విప్పడానికి వీలులేని పట్టీ వేసి వారానికోసారి మార్చాం. పదకొండో వారంలో చర్మం పూర్తిగా మూసుకుంది. ఆ పదకొండు వారాల్లో ఆల్జినేట్ ఉన్నది మొదటి ఐదు వారాలే.

కాప్స్యూల్ ఆపిన ఆరు వారాలకు టీఎస్‌హెచ్ 7.4, పన్నెండు వారాలకు 4.1. థైరాక్సిన్ అవసరం పడలేదు. నాడి 72కు వచ్చింది, మలబద్ధకం పోయింది. ప్రతిరక్షకాలు ఉన్నాయి కాబట్టి ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చేయించాలని, ఎక్స్‌రే గదిలో అయొడిన్ ఉన్న కాంట్రాస్ట్ సూది వేయాల్సి వస్తే ముందే చెప్పాలని కార్డు మీద రాసిచ్చాం. హెచ్‌బీఏ1సీ మూడు నెలలకు 7.6.

ఆయన మళ్లీ యూనిట్‌కు పోతున్నాడు, పాలిష్ చక్రం దగ్గరికి కాదు, పొడిగా ఉండే లోడింగ్ వైపు. ఎంసీఆర్ చెప్పుల అడుగు అణిగిపోగానే, లేదా ఆరు నెలలకు, ఏది ముందైతే అప్పుడు మార్చాలి. మానిన చోట ఆనె మళ్లీ కాస్తోంది. ఆరు వారాలకోసారి వచ్చి చెక్కించుకుంటున్నాడు.